బండ తెలిసినవాళ్ల ముందు బొమ్మ

వికారాబాద్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. మామూలు రోజుల్లో అందులో సంఘాల సమావేశాలు, చిన్నపాటి శుభకార్యాలు జరుగుతాయి. నేను వెళ్లినప్పుడు గోడల పొడవునా నైలాన్ తాళ్లు కట్టి బొమ్మలు వేలాడదీశారు. బరువైన కాన్వాసులను ప్లాస్టిక్ కుర్చీల మీద నిలబెట్టారు. అది చుట్టుపక్కల మండలాల చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, బోర్డులు రాసే పెయింటర్లు కలిసి, ఖర్చు తలా కొంత వేసుకుని పెట్టుకున్న ప్రదర్శన. వాళ్లలో ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెప్పే మాస్టారు ఉన్నారు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అన్న, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో చదివి ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయి ఉన్నారు.

వికారాబాద్ జిల్లా అయ్యింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు రంగారెడ్డి జిల్లాలో ఒక మూల. పెద్దాసుపత్రికైనా పెద్ద చదువుకైనా హైదరాబాద్ వైపే చూసిన ప్రాంతం. బొమ్మ వేసేవాళ్ల దారి కూడా అదే. నలుగురూ చూడాలంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలోనో, బంజారాహిల్స్ లోనో చోటు దొరకాలి. ఆ గోడలకు ఉన్న విలువను నేను తక్కువ చేయను. కానీ ఈ హాల్లో ఒక పూట నిలబడి చూశాక, ఆ గోడల మీద దొరకని పరీక్ష ఒకటి సొంత ఊళ్లో బొమ్మకు ఎదురవుతుందని గట్టిగా అనిపించింది.

మొదట కళ్లను ఆపింది ఒక నీటిరంగుల బొమ్మ. హైదరాబాద్ నుంచి వచ్చే బీజాపూర్ రహదారి మీద మర్రిచెట్ల వరుస. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఉన్న ఆ 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మర్రిచెట్లు ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయాలన్న అవసరానికీ, ఆ చెట్లను నిలబెట్టుకోవాలన్న పట్టుదలకూ మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. చిత్రకారుడు వాదన జోలికి పోకుండా రోడ్డు మీద పడిన నీడను మాత్రం వేశాడు. ఆ బొమ్మ ముందు ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు డ్రైవరు చాలాసేపు నిలబడ్డాడు.

"మంచిగుంది సార్. గని ఎదురుంగ లారీ వస్తే మేం బండిని ఈ చెట్టు బోదెకు ఆనిచ్చి ఆపుతం. అన్ని చెట్లకు గీసుకపోయిన మచ్చలుంటయి. మీ చెట్టు మీద ఒక్క మచ్చ లేదు" అన్నాడు.

చిత్రకారుడు బొమ్మకు దగ్గరగా జరిగి చూసి, ఆ మచ్చ ఎంత ఎత్తున ఉంటుందని అడిగాడు. డ్రైవరు తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. అందమైన చెట్లుగా వేసిన ఆ వరుసకు, ఒక్క మాటతో, రోజూ ఆ దారిన బండి నడిపేవాడి భయం కూడా చేరింది.

హాలు నడుమ తాండూరు బండల గని బొమ్మ ఉంది. నాలుగడుగుల కాన్వాసు, అక్రిలిక్ రంగులు. నీలంగా పరుచుకున్న బండ, దాని మీద కోత మిషన్ గీసిన గళ్లు, గడ్డపార ఎత్తి పట్టుకున్న మనిషి. దూరం నుంచి చూస్తే గొప్ప బలమున్న చిత్రం. గనుల్లో చాలాకాలం పనిచేసిన ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. బొమ్మను కింది నుంచి పైదాకా చూశాడు.

"గడ్డపార గట్ల పైనుంచి దిగదు తమ్మీ. పక్కకెల్లి పొర కింద పెట్టాలె. పైనుంచి గుచ్చితే బండ పలుగుతది."

"ఎంత ఏటవాలుగ పట్టుకుంటరు కాకా?"

పెద్దాయన చేతిలోని గొడుగునే గడ్డపారగా చేసుకుని మోకాళ్లు వంచి చూపించాడు. "నీ మనిషి నిలువుగ నిలబడ్డడు. ఇట్ల నిలబడి లేపితే సాయంత్రానికి నడుము ఉండది." చిత్రకారుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ వంపును నాలుగు గీతల్లో పట్టుకున్నాడు. ఆ పెన్సిల్ గీతలు నాకు కాన్వాసు కన్నా నచ్చాయి. అందులో బరువు ఉంది. ఆ బరువు ఎక్కడ పడుతుందో ఆ ఒంటికి తెలుసు.

మధ్యాహ్నం ఆ చిత్రకారుడితో కలిసి తాండూరు రైలెక్కాను. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా 1874లో నిజాం కాలంలో తెరిచిన మార్గమిది. తాండూరు దగ్గర పడేకొద్దీ పట్టాల పక్కన బండల ముక్కల గుట్టలు కనిపిస్తాయి. ఈ రాయి పక్కనున్న కర్ణాటకలోని షాబాద్ బండకు చుట్టమే. భీమా పరీవాహకంలో కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకుని గట్టిపడిన సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే బల్లపరుపుగా విడివడుతుంది. నీలం రకం, పసుపు రకం రెండూ దొరుకుతాయి. ఇదే సున్నపురాయి మీద ఆధారపడి దగ్గర్లోని కరన్‌కోట్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వెలిసింది.

గనిలో చక్రాల మీద కదిలే కోత మిషన్ బండ మీద నిలువు గాట్లు పెట్టుకుంటూ పోతోంది. ఆ తర్వాత అడ్డం గాట్లు. గళ్లు తయారయ్యాక కూలీలు తెరిచి ఉన్న అంచు వైపు నుంచి పొర కిందికి గడ్డపార దూర్చి, ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఒత్తుతారు. టక్కుమని పొర లేస్తుంది. పెద్దాయన గొడుగుతో చూపించిన వంపు అక్కడ ప్రతి నడుములోనూ ఉంది. నా పక్కనున్న చిత్రకారుడు మరో సంగతి పట్టుకున్నాడు. అప్పుడే లేపిన బండ తడికి ముదురు నీలంగా ఉంది, గంటసేపు ఎండలో ఉన్నది బూడిద రంగుకు తిరిగింది, నిన్నటిది ఇంకా తెల్లబడింది. ఆయన కాన్వాసులో అన్నీ ఒకే నీలం. పాలిష్ యూనిట్ కు వెళ్తే మరో రంగు. తిరిగే చక్రం కింద నీళ్లు పోస్తూ రుద్దుతుంటే తెల్లటి జావ కారిపోయి, లోపలి నీలం మళ్లీ తేలుతోంది. ముక్కుకు రుమాలు కట్టుకున్న కుర్రాడు అరచేత్తో బండను తడిమి, నునుపు చాలలేదని మళ్లీ చక్రం కిందికి తోశాడు. దేశంలో ఎన్నో ఇళ్ల నేల ఇలాంటి అరచేతుల కిందుగా వెళ్లిందే.

మళ్లీ ప్రదర్శన సంగతికి వస్తాను. మాసబ్‌ట్యాంక్‌లో చదివిన అమ్మాయి కాన్వాసు వదిలి తాండూరు బండనే ఎంచుకుంది. పాలిష్ చేయని ముఖం మీద మైనంతో బొమ్మ గీసి, పలుచటి ఆమ్లం పూస్తుంది. మైనం లేనిచోట రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. మైనం ఉన్న గీత ఉబ్బెత్తుగా నిలబడుతుంది. ఆమె వేసింది కంది చేను: మూడేసి ఆకుల రెమ్మలు, పూత, కాయ. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆ పంట ఇక్కడివాళ్లకు గర్వకారణం. ఆమె పద్ధతి ఎలా పనిచేస్తుందో ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. చూడవచ్చిన ఒకావిడ "మా వంటింటి గట్టు మీద కోసిన నిమ్మకాయ పెడితే తెల్లటి మచ్చ పడ్డది, ఇది అదే కదా" అని పక్కావిడకు చెప్పింది. పులుపుకు సున్నపురాయి కరుగుతుందన్న రసాయనశాస్త్రం ఆమెకు గట్టు తుడుస్తూ తెలిసింది.

సున్నపురాయికి, బొమ్మకు పాత స్నేహం ఉంది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ అనే నాటకరచయిత సోల్న్‌హోఫెన్ సున్నపురాయి మీద జిడ్డు గీత గీసి, రాయిని తడిపి, సిరా పూసి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టాడు. అదే లితోగ్రఫీ. రాయిని సిద్ధం చేయడానికి అందులో వాడేది తుమ్మజాతి చెట్ల బంక, కొంచెం ఆమ్లం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చు యంత్రం నుంచి లక్ష్మీ సరస్వతుల పటాలు మన ఇళ్ల గోడలకు చేరడం ఆ రాతి అచ్చు పుణ్యమే. ఈ అమ్మాయి చేసేది అచ్చు తీయడం కాదు, రాయి మీదే బొమ్మను నిలపడం. అయినా ఆమె నిలబడ్డ వరుస చాలా పొడవైనది.

బోర్డులు రాసే పెయింటరు పెట్టిన ప్లైవుడ్ పలకల ముందు కూడా జనం ఆగారు. తెలుగు, ఉర్దూ, కన్నడ, ఇంగ్లీషు. కర్ణాటక సరిహద్దు ఊరిలో బతకాలంటే ఆ నాలుగు లిపుల్లోనూ చెయ్యి తిరగాలి. సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టి, చదునైన కుంచెతో ఎనామిల్ పూసి, ఉర్దూకు వచ్చేసరికి కుడి నుంచి మొదలుపెడతాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని బాగా తగ్గింది. ఒక కిరాణా కొట్టు యజమాని వచ్చి "మా నాయన కొట్టు బోర్డు నువ్వు రాసిందే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన పనికి సంతకం దొరికింది.

తెలంగాణ చిత్రకళలో సొంత ఊరికి పెద్దపీట ఉంది. కాపు రాజయ్య సిద్దిపేటను పట్టుకునే ఉన్నారు. బరోడాలో చదివిన లక్ష్మాగౌడ్ పాత మెదక్ జిల్లాలోని నిజాంపూర్ కు తిరిగొచ్చి, మేకలను, చెట్లను, ఊరి మనుషులను గీస్తూ తన గీతను పదును పెట్టుకున్నారు. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లి స్త్రీల బొట్టు, చీర చిత్రకారుడు వైకుంఠం బొమ్మలతో ప్రపంచం చూశాయి. వీళ్లు ఊరిని బొమ్మలోకి తెచ్చారు. ఈ హాల్లో మరో అడుగు పడుతోంది: బొమ్మ ఊరి ముందుకొచ్చి నిలబడి, ఊరు చెప్పేది వింటోంది. చూసేవాళ్లకు చిత్రకళ పరిభాష తెలియకపోవచ్చు. బొమ్మలో ఉన్న బండ, చెట్టు, చేను మాత్రం చేతితో తెలుసు. ఆ తెలివిడి ముందు నిలిచిన బొమ్మ ఎక్కడైనా నిలుస్తుంది.

అందుకే వాళ్లతో ఒక మాట గట్టిగా అన్నాను. మరో ప్రదర్శన తాండూరులోనే పెట్టండి, కందులు మార్కెట్ కు వచ్చే జనవరి రోజుల్లో, రైతులు బస్తాల దగ్గర ఎదురుచూసే చోట. మున్సిపాలిటీ ఒక గోడ, నాలుగు దీపాలు ఇస్తే చాలు. డ్రైవర్లను, గని కూలీలను, ఇల్లాళ్లను పేరుపేరునా పిలవండి. గని చిత్రకారుడు అప్పటికి తన కాన్వాసును మళ్లీ వేస్తానన్నాడు: మనిషి నడుము వంచి, గడ్డపార పొర కింద పెట్టి, బండల్లో మూడు రంగులు చూపించి. ఆ పెద్దాయనను తాండూరు ప్రదర్శనకు తీసుకొచ్చే పని మనవడు ఒప్పుకున్నాడు.