మాలో గాలి

మన కోటగిరి నల్లరేగడి వానాకాలంలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. సంఘం పాత జీపు పొలం బాటల్లో దిగబడి, మంచాన పడ్డ అవ్వ దగ్గరికి రెండు ఆదివారాలు వెళ్లలేకపోయాం.

బోధన్‌లో ఫోర్‌వీల్ గేర్లు బాగుచేయించాం, లోతు పళ్ల టైర్లు వేయించాం. ఇక తిరుగులేదనుకున్నాం. చెరుకు తోట దగ్గర మళ్లీ దిగబడ్డాం. ఎంత తొక్కితే అంత లోతుకు పోయింది.

ట్రాక్టరు నడిపే తమ్ముడొకడు వచ్చి, "అయ్యగారూ, జోరు పెంచకుండ్రి. టైర్లల్ల గాలి జర తగ్గియ్యుండ్రి" అన్నాడు. తగ్గించాం. టైరు వెడల్పుగా పరుచుకుని నేలను పట్టుకుంది. లో గేరులో మెల్లగా బయటపడ్డాం.

"ఇన్నాళ్లకు వచ్చిండ్రా?" అంది అవ్వ. తలవంచి ప్రార్థించాం.

తిరిగొచ్చి తారురోడ్డెక్కాక టైర్లకు గాలి నింపాం. మాలో మాత్రం మళ్లీ నిండనివ్వద్దని ప్రభువును వేడుకున్నాం.