చలికాలపు వెలుతురు

శీతకాలంలో ఫొటోల కోసం మన్యం వెళ్లేవాళ్లు ముందుగా చోటు పేరు వెతుకుతారు: వంజంగి, లంబసింగి, అరకు. నా లెక్కలో ముందు చూడాల్సింది రాత్రి గాలిని, పొద్దుటి వెలుతురుని. మబ్బు లేని, ఆకు కదలని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి వాలు వెంట లోయలోకి జారి అక్కడి తేమను పొగమంచు చేస్తుంది. వంజంగి కొండ మీంచి కనిపించే పాలసముద్రం అలా పుట్టేదే. గట్టిగా గాలి వీచిన రాత్రి తెల్లారితే అంత పేరున్న కొండా బోసిగానే ఉంటుంది. గాలి పడిపోయిన నాడు పాడేరు చుట్టుపక్కల పేరులేని లోయ అంచున కూడా ఆ దృశ్యం దొరకవచ్చు. పైగా డిసెంబరు చివర అరకులో మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు చేరడు; ఆ ఏటవాలు ఎండలో మామూలు పొలంగట్టుకూ, చింతచెట్టుకూ ఎంత అందమొస్తుందో!

రెండురోజుల సెలవు మాత్రమే ఉన్నవాళ్లకు తెలిసిన చోటే నయం కదా అనవచ్చు. నిజమే, ఎరగని కొండను చీకట్లో ఎక్కమని ఎవరూ చెప్పకూడదు. ముందురోజు సాయంత్రమే చూసిపెట్టుకున్న రోడ్డు పక్క మలుపు చాలు. వలిసె పూల విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. ఆ పసుపు చేను గిరిజన రైతు నూనెగింజల కోసం వేసుకున్న పంట. నడుమకు దిగి తొక్కితే గింజ పోతుంది. గట్టు మీదే కూర్చుని ఎదురెండలో తీస్తే రేకుల్లోంచి వెలుగు దూరి పువ్వు మెరుస్తుంది, చేలో అడుగు పెట్టే పనే ఉండదు.