మర్రిగూడ నుండి రాక్ కచేరీకి



మర్రిగూడను ఎరుగని వారికి ముందుగా ఊరి సంగతి చెప్పాలి. హైదరాబాద్ నుండి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డులో మాల్ దగ్గర దిగి లోపలికి తిరిగితే నల్గొండ జిల్లాలోని మా మండలము వస్తుంది. రాళ్ల గుట్టలు, ఎర్ర చెల్కలు, పత్తి చేలు, అక్కడక్కడ బత్తాయి తోటలు. బయటి వారు ఈ ప్రాంతమును ఫ్లోరైడ్ నీళ్ల పేరుతోనే ఎరుగుదురు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు వచ్చిన తరువాత పిల్లలకు ఆ భయము తగ్గింది గాని, పాత తరము వారి మోకాళ్లు, మెడలు బిగుసుకొని అలాగే ఉన్నాయి. కరువు సంవత్సరాలలో సగము ఊరు పట్నము పోయేది. ఇప్పుడు యౌవనస్థులు చదువులకు, ఉద్యోగాలకు పోతున్నారు. శనివారము రాత్రికి వచ్చి, ఆదివారము ఆరాధన ముగించుకొని, సోమవారము తెల్లవారక ముందే బస్సెక్కుతారు.

అలా వచ్చి పోయేవారిలో మా సంఘములో డ్రమ్స్ వాయించే అబ్బాయి ఒకడు. అతని ఫోనులోని ఒక ఫొటో పెద్దల కంట పడింది. నల్ల బనియను, చుట్టూ జనము, చూపుడు వేలు, చిటికెన వేలు నిక్కబొడిచి పైకెత్తిన చెయ్యి. అది సాతాను కొమ్ముల గుర్తు అని ఒక పెద్దగారు అన్నారు. అటువంటి కచేరీలకు పోయే చేతులతో దేవుని సన్నిధిలో వాయించవచ్చునా అని కమిటీలో ప్రశ్న లేచింది. అబ్బాయి తల వంచుకొని ఒక్క మాట మాత్రమే అన్నాడు: "అయ్యగారూ, మీరు ఒక్కసారి వచ్చి చూడండి, తర్వాత మీరెట్ల చెప్తే అట్ల వింటా."

వెళ్లక ముందు కొంత చదువుకొన్నాము. ఆ చేతి గుర్తును ఈ పాటల లోకములో వ్యాపింపజేసినవాడు రోనీ జేమ్స్ డియో అను గాయకుడు. 1979లో బ్లాక్ సబ్బాత్ అను బృందములో చేరాడు. ఇటలీ నుండి అమెరికా వచ్చిన కుటుంబము వారిది. దిష్టి తగలకుండ అతని అమ్మమ్మో నానమ్మో ఆ గుర్తు చూపేదట. మన ముసలమ్మలు ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినట్టే. దానిని తరువాత ఎవరెవరు ఏ భావముతో వాడుకొన్నారో అది వేరే సంగతి.

ఆ బ్లాక్ సబ్బాత్ కథ మమ్మును ఎక్కువసేపు ఆపింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల పట్టణము ఉన్నది. అక్కడి ఆస్టన్ పేటలోని నలుగురు కూలీ కుటుంబాల పిల్లలు 1968లో ఆ బృందము పెట్టారు. గిటారు వాయించే టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు, ఇనుప రేకుల ఫ్యాక్టరీలో అతని ఆఖరి పనిదినమున, కుడి చేతి రెండు వేళ్ల కొసలు యంత్రములో తెగిపోయాయి. ఎడమచేతి వాటము గలవాడు గనుక తీగెలు నొక్కవలసింది ఆ వేళ్లతోనే. అతడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసికొన్నాడు. వేళ్లకు నొప్పి తగ్గాలని తరువాత తీగెలను వదులు చేశాడు. తీగె వదులైతే స్వరము దిగి బరువెక్కుతుంది. ఈనాడు హెవీ మెటల్ అని పిలిచే సంగీతమునకు ఆ బరువు కొంత తెగిన వేళ్ల నుండి వచ్చినదే. 1970 ఫిబ్రవరి 13న వారి మొదటి రికార్డు వెలువడింది. 55 ఏళ్ల తరువాత, 2025 జూలై 5న అదే ఆస్టన్‌లోని ఫుట్‌బాల్ మైదానములో ఆఖరి కచేరీ చేశారు. గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ సింహాసనము వంటి కుర్చీలో కూర్చుండి పాడి, అదే నెల 22న మరణించాడు.

ఒక శుక్రవారము మధ్యాహ్నము బయలుదేరాము. మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి ఎల్బీ నగర్‌లో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, మాదాపూర్ వైపు చేరేసరికి చీకటి పడింది. మా చెక్కుల చొక్కాను చూచి గేటు దగ్గర కుర్రవాడు నవ్వాడు గాని మర్యాదగానే చేతికి కాగితపు పట్టీ కట్టాడు. లోపల మూడు నాలుగు వందలమంది ఉంటారు. దాదాపు అందరివి నల్ల బనియన్లే. పాస్టరు అని చెప్పగానే ఇద్దరు లేచి మాకు కుర్చీ తెచ్చిపెట్టారు. పట్నములో ఇంకా అంత భయభక్తులు ఉన్నాయని మేము అనుకోలేదు.

మొదటి దెబ్బ పడగానే చెవికంటె ముందు రొమ్ముకు తగిలింది. డ్రమ్స్ వాయించేవాడు రెండు కాళ్లతో రెండు తొక్కుళ్లను కుట్టు మిషనులాగ ఆడిస్తున్నాడు. గాయకుడు పాడుట లేదు, గొంతు అడుగు నుండి గర్జిస్తున్నాడు. మాటలు ఇంగ్లీషే అయినను ఒక్కటి తెలియలేదు. అబ్బాయి ముందే మాకు చెవులలో పెట్టుకొనే నురుగు బిరడాలు ఇచ్చాడు. అవి లేకపోతే మేము అరగంట నిలువలేకపోదుము. 100 డెసిబెల్స్ చప్పుడులో పావుగంట మించి ఉంటే చెవికి హాని అని వైద్యులు అంటారు. మన పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెల ముందు పసిపిల్లలను ఎత్తుకొని నిలబడే తల్లులు కూడ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మధ్యలో జనము వలయముగా విడిపోయి, ఒకరినొకరు భుజాలతో గుద్దుకొంటూ పరుగెత్తసాగారు. కొట్లాట మొదలైందని మేము లేచి నిలబడ్డాము. ఇంతలో సన్నని కుర్రవాడు ఒకడు కింద పడ్డాడు. ఆ క్షణమే నాలుగైదు చేతులు దిగి వానిని లేపి, కళ్లజోడు వెదకి ఇచ్చి, వీపు తట్టి పంపాయి. పడినవానిని తొక్కకుండ లేపుట అక్కడి కట్టుబాటు అట. అన్ని చోట్ల అంత క్రమము ఉండదు. 2011 అక్టోబర్ 28న గురుగ్రామ్‌లో మెటాలికా కచేరీ జనము అడ్డుకంచెలు తోసికొని రావడముతో ఆగిపోయి, వేదిక ధ్వంసమైంది. రెండు రోజులకు బెంగళూరులో అదే బృందము కచేరీ జరిగింది. మంచి చెడు జనములో ఉన్నంతగా గిటారులో ఉండవు.

అక్కడ బీరు అమ్ముతున్నారు. అది మాకు నచ్చలేదు, వెనుక బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురు మోతాదు మించి త్రాగి ఉండుట కూడ చూచాము. చావు, యుద్ధము, నరకము వీరి పాటలకు ఎక్కువగా వస్తువులు. హైదరాబాద్‌లోనే పుట్టిన ఒక బృందము గాడ్‌లెస్, అనగా దేవుడు లేనివారు అని పేరు పెట్టుకొన్నది, 2021లో పూర్తి ఆల్బమ్ కూడ తెచ్చింది. ఆ పేరు మన ఇండ్లలోని తల్లిదండ్రులకు గుండె దడ పుట్టించునదే. దీనిని తేలికగా తీసికొనుమని మేము చెప్పము. బిడ్డ ఏ పాట వింటున్నాడో, దాని మాటలేమో అడిగి కూర్చుండి వినాలి. అడగకుండ ఫోను లాగుకొంటే వాడు చెవిలో పెట్టుకొనే చిన్న బటన్లు కొనుక్కొంటాడు.

పేరు చూచి తీర్పు చెప్పుటలో ఉన్న చిక్కు కూడ చెప్పాలి. ఐరన్ మెయిడెన్ అను బృందము 1982లో ప్రకటన గ్రంథములోని మృగము సంఖ్య పేరుతో ఆల్బమ్ తీసినప్పుడు అమెరికాలో కొందరు క్రైస్తవులు ఆ రికార్డులను తగులబెట్టారు. అదే బృందములో డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్ 1999లో ఒక సంఘములో ప్రభువును నమ్ముకొన్నాడు, ఆ సంగతిని దాచుకొనలేదు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ బృందము వాయించినప్పుడు డ్రమ్స్ మీద ఉన్నది ఆయనే. ఆయనను ఆ రాత్రి ఎందరు సాతాను సేవకుడనుకొన్నారో! ఫిన్లండులో లూథరన్ సంఘము వారు 2006 నుండి ఈ సంగీతముతోనే ఆరాధనలు జరిపారు. మర్రిగూడలో అది కావాలని మేము అనుట లేదు, మన రేకుల కప్పు నిలువదు.

కచేరీ ముగిసిన తరువాత అబ్బాయి గదిలో చాప మీద పడుకొన్నాము. "అంత గోలలో నీకేమి దొరుకుతుంది?" అని అడిగాము. కొంతసేపటికి అన్నాడు: "ఆఫీసుల వారమంతా తిట్లు పడుతం అయ్యగారూ. ఎవరికీ ఎదురు చెప్పలేం. ఆడ అందరం ఒక్కసారి అరుస్తం. ఆదివారం గుడిల కూడ అరవాలనిపిస్తది, గని పెద్దలున్నరని మెల్లగ కొడుత." 150వ కీర్తన తాళాలను గూర్చి చెప్పునప్పుడు మెల్లగా కొట్టుమనలేదని మాకు తోచింది, కాని ఆ అర్ధరాత్రి అతనికి చెప్పలేదు.

ఊరికి వచ్చి అబ్బాయి తాతగారిని చూడబోయాము. ఆయన బాప్తిస్మము పొందక ముందు ఈ చుట్టుపట్ల పేరుగాంచిన డప్పు కళాకారుడు. చావుకు, ఎల్లమ్మ జాతరకు, దొర ఇంటి దండోరాకు పిలిచిన చోటికల్లా పోవలసిందే. కూలి ఇస్తే ఇచ్చినట్టు. బాప్తిస్మమప్పుడు ఆనాటి పెద్దలు డప్పు విడిచిపెట్టుమన్నారు, విడిచాడు. అందులో విగ్రహముల ముందు వాయించుట పోయింది, వెట్టి కూడ పోయింది. అయితే చేతిలోని విద్య కూడ పోయింది. ఆ మూడింటిని వేరు చేసి ఆలోచించుటకు ఆ రోజులలో ఎవరికి తీరిక లేదు.

మనుమడు కచేరీ వీడియో పెట్టి ఫోను చేతికిచ్చాడు. ఫ్లోరైడుతో మెడ తిరుగదు గనుక ఫోనునే ముఖము ముందు పట్టుకొన్నాడు. చాలాసేపు చూచి అన్నాడు: "కొట్టుడు గట్టిగనే ఉంది బిడ్డా. దరువు మారుతలేదు." తరువాత మంచము పట్టె మీద కుడి చేత సిర్ర ఉన్నట్టు, ఎడమ చేత సిటికెన పుల్ల ఉన్నట్టు వంకర వేళ్లతో ఒక దరువు వేసి చూపాడు. అబ్బాయి మళ్లీ వేయించుకొన్నాడు, మూడవసారి తానే వేశాడు.

కమిటీకి మేము చూచినదంతా, బీరు సంగతితో సహా, చెప్పాము. అబ్బాయి డ్రమ్స్ వాయించుటకు పెద్దలు ఒప్పుకొన్నారు. స్పీకరు శబ్దము తగ్గించే బటను మాత్రము ఫొటో చూచిన పెద్దగారి చేతిలో ఉంటుంది. కోత పండుగకు డప్పు దరువుతో ఒక కీర్తన నేర్చుకొంటున్నారు. డప్పు ఎవరి దగ్గర దొరుకునో తాతగారే కబురు పంపుచున్నారు.