దారి చీలే చోట... పాత బండ్ల బాట!

పాత కార్లు చూడాలంటే ప్రదర్శనకే వెళ్లాలా? అమావాస్య నాడు నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కన టీ తాగుతూ కూర్చున్నా చాలు. హైదరాబాద్-విజయవాడ రహదారి నుంచి అద్దంకి దారి చీలేది ఇక్కడే. దగ్గర్లోనే చెరువుగట్టు. జడల రామలింగేశ్వరుడి దర్శనానికి ఊళ్లకు ఊళ్లే కదిలొస్తాయి.

కొత్త కార్ల వరసలో ఎప్పుడో ఓ అంబాసిడర్ వస్తే కళ్లన్నీ అటే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలతో 1957లో మొదలై, 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయిన కారది. జహీరాబాద్‌లో పుట్టిన ఆల్విన్ నిస్సాన్ లారీ ఎదురైతే మరీ అదృష్టం.

ప్రదర్శనలో బండ్లు మెరుస్తాయి. ఇక్కడివి ఇంటిల్లిపాదినీ మోస్తాయి. కానీ స్పేర్‌పార్టులు దొరక్క ఒక్కొక్కటే పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతోంది. అందుకే కనిపించినప్పుడే కళ్లారా చూసుకోవాలి!