అక్క మోకాలి కొలత

నర్మెట్టలో మా అక్కావాళ్ళ ఇంటి ముందు రేకుల వసారా ఉంది. ఆదివారం పొద్దున్నే నేను కారు ఆపేసరికి బావ అక్కడ టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వచ్చినవా, గా కొస పట్టు" అన్నాడు. పొడవు 11 అడుగులు, వెడల్పు 6. రేకు వాలు దిగే చోట ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. లోపలి గదిలో శ్లాబు 10 అడుగులు, ఫ్యాను రెక్కలు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర. తలుపు వెడల్పు 33 అంగుళాలు. అన్నీ ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్క గడపలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది.

ఆ చీటీ తీసుకుని ఆ రోజు మేం ముగ్గురం హైదరాబాద్ బయల్దేరాం, ఇంట్లో పెట్టుకునే వ్యాయామ యంత్రం చూడడానికి. బావ మనసులో ఉన్నది ఒకటే యంత్రంలో రెండు పనులు చేసేది. సీటు మీద కూర్చుంటే సైకిలు. సీటు వదిలి పొడుగాటి పెడల్ పలకల మీద నిలబడి, చేతులతో కడ్డీలు ఆడిస్తూ తొక్కితే ఎలిప్టికల్. ఇంట్లో మనుషులు ఇద్దరు, అవసరాలు రెండు, చోటు మాత్రం ఒక్కదానికే ఉంది. ఆలోచన సబబుగానే ఉంది.

బావ ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవరు. రిటైరై నాలుగేళ్ళు. ఇప్పుడు 84 కిలోలు, షుగరు. అక్కకు యాభై ఎనిమిది. పావడా కట్టిన వయసు నుంచి నాట్లు వేసింది, కలుపు తీసింది, బురదలో నడుము వంచి పొద్దు గూకేదాకా ఉంది. మోకాళ్ళు అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. డాక్టరు ఇద్దరికీ చెప్పింది ఒకే మాట: కదలాలి. అయితే బావకు చెమట పట్టాలి, పొట్ట తగ్గాలి. అక్కకు బరువు మోపకుండా కీలు ఆడాలి, తొడ కండ గట్టిపడాలి.

"నడవొచ్చు గదక్కా, ఊరి బయట కట్ట ఉంది, పొలాలున్నయి" అన్నాను కారులో. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మీ బావ నడుస్తడు తమ్మీ. ఎండకాలం ఏడు గొట్టంగనే మాడు పగులుతది, వానకాలం బురద, చీకట్ల కుక్కలు. అయినా మొగోడు నడుస్తడు. నేను చేతుల సంచి లేకుంట, చేను లేకుంట రోడ్డు మీద నడిస్తే ఏమంటరు? పనిలేక తిరుగుతుందంటరు."

ఇది అక్క ఒక్కదాని మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. మగవాళ్ళలో అది 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఆ తేడా వెనక అక్క చెప్పిన రోడ్డు కూడా ఉంది. ఇంట్లో యంత్రం పెట్టుకోవడం షోకు అనుకునేవాళ్ళు ముందు ఆ రోడ్డును చూడాలి.

జనగామ దాటి వరంగల్ – హైదరాబాద్ హైవే ఎక్కాం. పెంబర్తి వచ్చింది, ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు తీసే ఊరు. బావ కిటికీలోంచి చూస్తూ "ఈ రోడ్డు మీద ఎన్ని వేలసార్లు తిరిగిన్నో" అన్నాడు. అప్పుడు నేను ఆయనకు లండన్ బస్సుల సంగతి చెప్పాను. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు 1953లో అచ్చువేసిన పరిశోధన అది. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందని వాళ్ళు గమనించారు. ఒకే బస్సు, ఒకే రోడ్డు, కూర్చున్న మనిషికీ కదిలిన మనిషికీ అంత తేడా. బావ చాలాసేపటికి అన్నాడు: "బస్సు తిరిగింది. నేను సీట్లనే ఉన్న."

ఆలేరు దగ్గర అక్క చాయ్ అడిగింది. ఆ మండలంలోని శారాజీపేటవాడే చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు దారాన్ని కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఆ పని చేయలేకపోతుంటే చూడలేక ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేనది చెబుతుంటే అక్క తన చేతులు చూసుకుంది. శ్రమ తగ్గించడానికి ఆయన యంత్రం కట్టాడు, శ్రమ కోసం మేం యంత్రం కొనబోతున్నాం. పనులు ఎదురుబొదురుగా కనిపించినా పద్ధతి ఒకటే కావాలనిపించింది: ముందు మనిషి కీలు చూడాలి, తర్వాతే యంత్రం.

ఉప్పల్ దాటాక ఒక గల్లీలో ఉంది మేం వెతికిన షెడ్డు. కొత్తవి అమ్ముతారు, పాతవి బాగుచేస్తారు. షోరూముకు కాకుండా ఇక్కడికి రావాలని పట్టుబట్టింది నేనే. ఏది ఎలా పాడవుతుందో తెలిసినవాణ్ణి అడిగితే ఏది కొనాలో సగం తెలిసిపోతుంది. లోపల గ్రీజు వాసన. గోడ వారగా మోటారు కాలిన ట్రెడ్‌మిల్లులు, పెడలు లేని సైకిళ్ళు, తిరగేసి పెట్టిన ఎలిప్టికల్ ఒకటి. నలభై ఏళ్ళ మెకానిక్కు. "అన్నా, రెండు పనులు చేసేది కావాలె" అని బావ అనగానే అతను ధర చెప్పలేదు. "ఇంట్ల ఎవరెవరు తొక్కుతరు సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

తిరగేసిన ఎలిప్టికల్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. పెద్ద చక్రం, దాని అంచుకు దగ్గరగా అయస్కాంతాలు. నాబ్ తిప్పితే తీగ లాగి అయస్కాంతాలను చక్రానికి చేరువ చేస్తుంది, తొక్కడం బరువవుతుంది. ఏదీ దేనికీ రాసుకోదు కాబట్టి చప్పుడుండదు, అరుగుదల ఉండదు. చవక రకాల్లో అయస్కాంతం బదులు ఒక పట్టీ చక్రాన్ని నొక్కుతుంది. అది అరుగుతుంది, వాసన వస్తుంది. ఇక ఎలిప్టికల్‌లో కీళ్ళు ఎక్కువ. ప్రతి కీలులో బుష్ ఉంటుంది. అది అరిగితే కిర్రుమంటుంది, ఆ తర్వాత ఊగుతుంది. "మనిషి మోకాలు లెక్కనే సార్" అన్నాడు. అక్క ఆ మాటకు ముందుకొచ్చి వంగి చూసింది.

తర్వాత సీటు కూడా ఉన్న రెండు పనుల యంత్రం మీదికి ఇద్దరినీ ఎక్కమన్నాడు. కాగితం మీద అర్థం కానిదంతా అక్కడ అర్థమైంది. బావ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. పెడల్ పలక పైకి వచ్చినప్పుడు నేల నుంచి అడుగుం పావు దాకా లేచింది. తల దాదాపు ఏడడుగులకు చేరింది. బావ చీటీ తీసి చూసుకున్నాడు. వసారాలో రేకు తలకు తగులుతుంది. అదొకటైతే అడుగు మరొకటి. ఇళ్ళ కోసం చేసే చిన్న యంత్రాల్లో అడుగు నిడివి 12 నుంచి 14 అంగుళాలే. పొడగరికి చాచినట్టు నడవాలంటే 18 అయినా ఉండాలి. బావ నడకలా కాకుండా మెట్టు తొక్కినట్టు తొక్కుతున్నాడు.

అక్క సీటు మీద కూర్చుంది. సీటు చిన్నది, వీపుకు ఆసరా లేదు. నిలబడి తొక్కడానికి చేసిన పలకలు కావడంతో కూర్చుంటే మోకాలు పొట్ట దగ్గరికి ముడుచుకొస్తోంది. నాలుగు చుట్లకే మొహం ముడిచింది. "నాట్లేసినట్టే ఉన్నది తమ్మీ" అంది. అరిగిన మోకాలు నిండా వంగితే నొప్పి. సైకిలు మీద కాలు కిందికి పోయినప్పుడు మోకాలు దాదాపు చాచుకుని, కాస్త మాత్రమే వంపు మిగలాలి. అందుకు సీటు పైకి లేవాలి.

అయినా ఆ రెండు పనుల యంత్రాన్ని తీసిపారేయలేదు మెకానిక్కు. మోకాళ్ళు బాగుండి, పొట్టిగా ఉండి, శ్లాబు గదిలో పెట్టుకుని, ఎక్కువసేపు నిలబడే తొక్కేవాళ్ళకు అది పనికొస్తుందన్నాడు. పాదం పలకను వదలదు కనుక పరుగులో ఉండే దెబ్బ కీళ్ళకు ఉండదు. 1995లో అమెరికాలో ప్రికోర్ కంపెనీ ఎలిప్టికల్‌ను తెచ్చినప్పుడు దాన్ని జనం ఆదరించిందీ అందుకే. కానీ రెండు పనుల యంత్రం కొనేవాళ్ళు రెండు పనులూ విడివిడిగా చేసి చూడాలి. ఒకటి కుదిరి ఒకటి కుదరకపోతే, కుదరని మనిషి ఆ యంత్రాన్ని మళ్ళీ ముట్టదు.

అప్పుడు చూపించాడు ఎయిర్ బైకు. ముందు పెద్ద ఫ్యాను చక్రం, వెనక వీపుకు ఆసరా ఉన్న వెడల్పు సీటు, పెడళ్ళతో పాటు ముందుకూ వెనక్కూ ఆడే హ్యాండిళ్ళు. ఇదీ రెండు పనులదే, కాళ్ళకూ చేతులకూ. హ్యాండిళ్ళను కదలకుండా బిగించి కాళ్ళతోనే తొక్కవచ్చు. 1978లో ష్విన్ కంపెనీ ఎయిర్‌డైన్ పేరుతో తెచ్చిన సైకిలుకు ఇది వారసురాలు.

దీని కిటుకు గాలిలో ఉంది. ఫ్యాను రెక్కలు గాలిని నెట్టాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, మనిషి పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. అంటే నాబ్ తిప్పకుండానే, మెల్లగా తొక్కే అక్కకు అది తేలిక, గట్టిగా తొక్కే బావకు అదే బరువు. ఎవరి బలానికి తగ్గట్టు వాళ్ళకు ఎదురు నిలుస్తుంది. మేం వెతుకుతున్న రెండు పనులు ఇవే. పట్టీ బిగించే నాబ్ దీనికీ ఉంది. "అమ్మకు దాన్ని వదులుగనే ఉంచండి" అన్నాడు. కరెంటు అక్కర్లేదు, మీటరుకు పెన్సిల్ సెల్లు చాలు. చప్పుడు మాత్రం ఉంటుందని, టీవీ పెంచుకోవాల్సి వస్తుందని ముందే చెప్పాడు.

అక్క ఎక్కింది. మెకానిక్కు పిన్ను లాగి సీటును ఒక్కొక్క రంధ్రమే పైకి జరిపాడు. మూడో రంధ్రం దగ్గర అక్క మొహంలో ముడతలు విడిపోయాయి. అయిదు నిమిషాలు తొక్కింది. చేతులూ ఆడాయి. నుదుట చెమట, ఎదురుగా ఫ్యాను గాలి. "గిదైతే మంచిగున్నది" అంది. బావకు ఆరో రంధ్రం. మెకానిక్కు ఎర్ర పెయింటుతో ఆ రెండు చోట్లా గుర్తులు పెట్టాడు.

కొనేముందు చూడాల్సినవి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. యంత్రం పట్టే బరువు మన బరువు కంటే పదిహేను, ఇరవై కిలోలు ఎక్కువ ఉండాలి. అడుగు పట్టాలు వెడల్పుగా ఉండాలి, ఊగకూడదు. స్పేర్లు దొరికేదే కొనాలి. మీటరు చూపించే కేలరీలు అంచనా మాత్రమే, వయసూ బరువూ అడగని మీటరు అంతకన్నా చెప్పలేదు. ఇంకొకటి అతను నొక్కి చెప్పాడు: ఎడమ పెడలు మరలు తిరగేసి ఉంటాయి. గడియారం ముల్లుకు ఎదురు దిశలో బిగించాలి. ఇంటికి తీసుకెళ్ళి అందరూ కుడివైపు తిప్పి మరలు చెడగొట్టుకుని అతని దగ్గరికే వస్తారట.

ఆ ఎయిర్ బైకునే కొని, పెట్టెలో సర్దించుకుని సాయంత్రానికి నర్మెట్ట చేరాం. పెట్టె 33 అంగుళాల తలుపులోంచి సులువుగా పట్టింది, కానీ అక్క దాన్ని వసారాలోనే పెట్టమంది. సైకిలు మీద తల రేకును అంటదు, పక్కింటివాళ్ళు కనిపిస్తారు. బావ స్పానర్ తీసుకుని కింద కూర్చున్నాడు. ఎడమ పెడలును చేత్తో ఎదురు దిశలో తిప్పుతూ, మరలు ఒరుసుకోకుండా మెల్లగా ఎక్కించాడు. ముప్పై ఏళ్ళు బండితో బతికిన చేతులకు ఆ పని చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

డాక్టరు చెప్పినవి నేను కాగితం మీద రాసి గోడకు అంటించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ, అంటే తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అక్క రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టాలి. తిన్న తర్వాత కాసేపు కదిలితే షుగరు ఎక్కడం తగ్గుతుంది కాబట్టి బావ భోజనమయ్యాక పావుగంట నెమ్మదిగా, పొద్దున గట్టిగా. షుగరు మాత్రలు వేసుకునే మనిషి కనుక కళ్ళు తిరిగితే ఆపి చక్కెర నోట్లో వేసుకోవాలి. కాళ్ళకు బూట్లు ఉండాలి. గుండెలో పట్టేసినట్టుంటే వెంటనే దిగి ఆసుపత్రికి. వారానికి రెండు రోజులు కండల కోసం కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి, ఎందుకంటే సైకిలు ఒక్కటే అన్నీ చేయదు.

చీకటి పడ్డాక పక్కింటి పెద్దమ్మ, ఆమె కోడలు వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నారు. అప్పటికి బావ తొక్కి దిగాడు, సీటు ఆరో రంధ్రం గుర్తు దగ్గర ఉంది. నేను లేవబోతే అక్క చేయి అడ్డం పెట్టింది. తనే పిన్ను లాగింది, సీటును మూడో రంధ్రం దగ్గరి ఎర్ర గుర్తుకు దించింది, పిన్ను టక్కున పడేదాకా నొక్కింది. ఎక్కి కూర్చుని మొదటి చుట్టు తొక్కుతూ కోడలు వైపు తిరిగి అడిగింది: "నీ మోకాలు ఎట్లున్నదే? రేపు రా, నీ గుర్తు కూడ పెడదం."