రిపోర్టు అడుగున సంవత్సరం

నరసరావుపేటలో నేను నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్ నడిపేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి క్యాన్లలో, సీసాల్లో బోరు నీళ్లు వచ్చేవి. టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్ కొలిచి రిపోర్టు ఇవ్వడం నా పని. కొలతల దగ్గర చాలా పట్టింపుగా ఉండేవాణ్ణి. కాస్త అనుమానం వచ్చినా కెమికల్స్ దండగైతే అయ్యాయని అదే శాంపిల్ మళ్లీ చేసేవాణ్ణి. ఆ అంకె పక్కన ‘తాగవచ్చు’, ‘తాగరాదు’ అని రాసేది మాత్రం ఒక జిరాక్స్ కాగితం చూసి.

అది తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500. పని నేర్చుకున్న చోట నుంచి వస్తూ వస్తూ జిరాక్స్ తీయించుకుని తెచ్చుకున్నాను. వాడగా వాడగా అంచులు నలిగిపోతే లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. మారిపోయే కాగితాన్ని ఎవరూ లామినేషన్ చేయించరు. నా మనసులో అది అంతగా పాతుకుపోయింది.

2013 వేసవిలో ఒక హాస్టలున్న బడి హెడ్‌మాస్టారు వచ్చారు. నా రిపోర్టు, మరో ల్యాబ్ రిపోర్టు రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టారు. ఒకే బోరు నీళ్లు. నైట్రేట్ నాకు లీటరుకు 78 మిల్లీగ్రాములు వచ్చింది, వాళ్లకు 76. నేను తాగవచ్చన్నాను, వాళ్లు తాగరాదన్నారు.

“అంకె ఇద్దరికీ ఇంచుమించు ఒకటే వచ్చింది కదండీ. మరి ఆ నీళ్లు మీ దగ్గర మంచివై, వాళ్ల దగ్గర చెడ్డవెలా అయ్యాయి?” అని అడిగారాయన. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

నాకు మొదట వచ్చింది కోపమే. అవతలి వాళ్లకు పని రాదనుకున్నాను. గోడమీది కాగితం తీసి ఆయనకే చూపించాను. నైట్రేట్ వరుసలో మొదటి గడిలో 45, వేరే నీటి వసతి లేనప్పుడు ఒప్పుకునే గడిలో 100. “చూడండి, 78 అంటే లోపలే ఉంది” అన్నాను. ఆయన కాగితం వంక చూడలేదు. అవతలి రిపోర్టు అడుగున వేలు పెట్టారు. అక్కడ ‘ఐఎస్ 10500:2012’ అని ఉంది. నా రిపోర్టు అడుగున ఒట్టి ‘ఐఎస్ 10500’. నా జిరాక్స్ మీద, పైమూలన చిన్న అక్షరాల్లో, 1991.

ఆ నాలుగంకెలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అవి ఆ ప్రమాణం పేరులో భాగమనుకున్నానే గానీ, దానికో వయసుంటుందని తోచలేదు. ఆయన వెళ్లాక కుర్చీలో కూర్చుండిపోయాను. 2012 ప్రతి తెప్పించి చూస్తే నైట్రేట్ 45, దాని పక్కన సడలింపు లేదని ఉంది. సీసం పాత కాగితంలో 0.05 ఉంటే కొత్తదాంట్లో 0.01. నేను తాగవచ్చని సంతకం పెట్టిన రిపోర్టులు ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో ఉన్నాయో తలుచుకుంటే చేతులు ఆడలేదు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లలో పాలపొడి కలిపి పడితే ఆరు నెలల లోపు పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిపోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. కాచి తాగితే సరిపోతుందని నేనే కొందరికి చెప్పాను. కాస్తే నైట్రేట్ పోదు. నీరు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. ఫైళ్లు ముందేసుకుని 45 దాటిన వాళ్లందరినీ వెతికి ఫోన్లు చేశాను. పసిపిల్లలున్న ఇళ్లకు స్వయంగా వెళ్లాను. కొందరు దొరకలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పట్లో ఎవరడిగినా నా సమాధానం ఒకటే: “చిన్న ల్యాబ్ అండీ, ఈ ప్రమాణాలన్నీ ఎప్పటికప్పుడు కొనే స్తోమత మాకెక్కడిది?” అది నిజం కాదు. ఆ పుస్తకం ఖరీదు నేను వారానికి వాడే కెమికల్స్ ఖర్చులో ఓ మూలకు రాదు. లేనిది డబ్బు కాదు, మారిందా అని చూసే అలవాటు.

కొత్త పుస్తకం కొన్నాక నిశ్చింతగా ఉన్నాను. అక్కడ మళ్లీ పడ్డాను. 2012 ప్రతిలో ఐరన్ పరిమితి 0.3, సడలింపు లేదు. 2015లో వచ్చిన సవరణలో అది 1.0 అయింది. సవరణ అంటే విడిగా వచ్చే ఒకటి రెండు పేజీల కాగితం. పుస్తకం అట్ట మీద సంవత్సరం మారదు. నేను అట్ట చూసుకుని ధైర్యంగా ఉన్నాను. 0.6 వచ్చిన నీళ్లను పనికిరావని రాశాను. నా మాట నమ్మి ఐరన్ ఫిల్టర్లు పెట్టించుకున్న వాళ్లున్నారు. మొదటిసారి చెడ్డ నీళ్లను మంచివన్నాను, రెండోసారి తాగదగ్గ నీళ్లను పనికిరావన్నాను.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టాను. దేశంలో ఉన్న ప్రమాణాలన్నీ మనకక్కర్లేదు. మన సంతకం వేటిమీద ఆధారపడుతుందో అవి చాలు. నాకు ఐఎస్ 10500, పరీక్ష పద్ధతులకు ఐఎస్ 3025, సూక్ష్మజీవులకు ఐఎస్ 1622, వాటర్ ప్లాంట్ల వాళ్లకోసం ఐఎస్ 14543. ఐఎస్ 3025తో జాగ్రత్తగా ఉండాలి. దానికి చాలా భాగాలున్నాయి, ఏ భాగానికి ఆ భాగం విడిగా మారుతుంది. అందుకే ఒక్కోదానికి ఒక్కో పేజీ ఇచ్చి సంవత్సరం, ఎన్ని సవరణలు వచ్చాయి, నేను చివరిసారి చూసిన తేదీ రాసుకున్నాను. నెల మొదట్లో జీతాలిచ్చే రోజునే దీన్నీ చూడటం అలవాటు చేసుకున్నాను. జీతాల రోజు ఎవరూ మరిచిపోరు. పాత ప్రతులు పారేయలేదు, వాటిమీద ఎర్ర సిరాతో ‘రద్దు’ అని రాసి వేరే ఫైల్లో పెట్టాను. పాత రిపోర్టు మీద ఎవరైనా ప్రశ్న వేస్తే అప్పుడేది అమల్లో ఉందో చూపించాలి కదా.

ఇప్పుడైతే ఆ కొద్ది ఖర్చు కూడా లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే భారతీయ ప్రమాణాలు ఉచితంగా దించుకోవచ్చు. ఏ ప్రమాణానికి ఎన్ని సవరణలు వచ్చాయో కూడా అక్కడే కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి ఉన్నదున్నట్టు తీసుకున్నవి మాత్రం కొనాలి. అలాంటివాటికి కూడా ఏ ఎడిషన్ నడుస్తోందో తెలుసుకోవడానికి పైసా అక్కర్లేదు. ల్యాబ్‌లకు వర్తించే ఐఎస్ఓ 17025 సంగతి చూడండి: 2005 ఎడిషన్ పోయి 2017ది వచ్చింది. ఆ ఒక్క సంగతి ముందు తెలిస్తే, కొనాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.

ల్యాబ్ నడిపే వాళ్లయినా, ఇటుకలు చేసే వాళ్లయినా, పైపులు పోసే వాళ్లయినా గోడకు తగిలించుకున్న కాగితం దించి దానిమీద సంవత్సరం చూడండి. రిపోర్టు తీసుకునే వాళ్లకూ ఒక మాట. ప్రమాణం నంబరు పక్కన సంవత్సరం, సవరణ నంబరు లేకపోతే సంతకం పెట్టినాయన్నే అడిగి రాయించుకోండి. రాయనంటే ఆ రిపోర్టుకు డబ్బు కట్టకండి.