ఎడారిలో ఆ ఒక్క దుకాణం!

రియాద్‌కు వాయవ్యంగా, వాదీ హనీఫా లోయ పక్కన ఓ చిన్న లోకం. ఖర్జూర చెట్లు, నడకదారులు, దేశదేశాల జెండాలు... అదే డిప్లమాటిక్ క్వార్టర్. 1980ల్లో జెడ్డా నుంచి రాయబార కార్యాలయాలు తరలివచ్చింది ఇక్కడికే.

1951లో జెడ్డాలో ఓ విందు. ఇంకాస్త మద్యం పోయనన్నందుకు రాజకుమారుడు మిషారీ బ్రిటిష్ వైస్ కాన్సుల్ సిరిల్ ఉస్మాన్‌ను కాల్చి చంపాడు. మరుసటి ఏడాదే రాజు అబ్దులజీజ్ విదేశీయులకూ మద్యాన్ని నిషేధించాడు.

రాయబారులకు మాత్రం దారి మిగిలింది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్య సంచిని ఎవరూ విప్పకూడదు మరి! అలా వచ్చిన సీసాలు కొన్ని నల్లబజారుకూ చేరేవి. దానికి అడ్డుకట్టగా 2024 జనవరిలో దిగుమతులపై కొత్త నిబంధనలు పెట్టారు. ముస్లిమేతర దౌత్యవేత్తల కోసం ఈ క్వార్టర్‌లోనే ఓ దుకాణం తెరిచారు. ముందు ఫోన్‌లో నమోదు చేసుకోవాలి. అప్పట్లో నెలకు 240 పాయింట్లు. లీటరు విస్కీ లాంటి ఘాటు మద్యానికి ఆరు, వైన్‌కు మూడు, బీరుకు ఒకటి.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లిన మన కార్మికులదీ ఆ నగరమే. వాళ్లకు మాత్రం సీసాతో దొరికితే జైలు, ఆపై ఇంటికి విమానం. ఊళ్లోని అప్పు మాత్రం అలాగే ఉంటుంది!